వెనక వాటా పెద్దమ్మ

మొన్న ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. వాన ఎప్పుడు మొదలైందో నాకు తెలియనే లేదు. బిలాస్‌పూర్‌లో, మోప్కా వైపు మేముంటున్న ఈ కొత్త అపార్ట్‌మెంటులో మా పైన ఇంకా రెండు అంతస్తులున్నాయి. ఇక్కడ వాన కనిపిస్తుందే గాని వినిపించదు. నిద్ర ఇంకా వదలని కళ్లతో ఆ చప్పుడు లేని వానని చూస్తూ నిలబడ్డాను. అంతలో ఫోను మోగింది.

"అమ్మీ, ఖరగ్‌పూర్ నుంచి మాటాడతన్నాను" అంది అవతలి గొంతు.

నా ప్రాణం లేచొచ్చింది. "పెద్దమ్మా! ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అని దెబ్బలాటకి దిగాను.

"నాను ఆవిడ చెల్లిని అమ్మా. అక్క పోనాది. తెల్లారగట్ల, నిద్దట్లోనే. నీకు చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచినాది."

అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే గొంతు. ఆవిడే ఫోను చేసి తన కబురు తనే చెప్పినట్టయింది నాకు. ఫోను పెట్టేశాక కూడా వాన పడుతూనే ఉంది. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. దాని బదులు ఇదే ఊళ్లో దయాల్‌బంద్‌లోని ఆ పాత పెంకుటిల్లు, దాని మట్టి వాసన, దాని చీకటి, అన్నీ వచ్చి గదిలో కూర్చున్నాయి.

ఆవిడని నేను పెద్దమ్మ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మాది తెనాలి దగ్గర. ఆవిడది శ్రీకాకుళం అవతల ఏదో ఊరు. ఆవిడ బిలాస్‌పూర్‌కి కొత్త పెళ్లికూతురిగా వచ్చింది, నేను బ్యాంకు ఉద్యోగానికి వచ్చాను. మా ఆయనకి కోర్బాలో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్న పోయేవాడు. మిగతా రోజుల్లో నాకున్న తోడు పెద్దమ్మే. ఒకే ఇంట్లో ముందు వాటా నాది, వెనక వాటా ఆవిడది. మధ్యలో ఒక తలుపుండేది గాని అది మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఇల్లు నేను మే నెలలో చూసి తీసుకున్నాను. మే నెలలో ఏ ఇల్లయినా మంచిదే. అప్పుడే వేసిన సున్నం, మందపాటి మట్టిగోడలు, ఎత్తయిన కప్పు. ఇంటాయన ఎదురింట్లోనే ఉండేవాడు. అందరూ మాలిక్ అనేవారు, నేనూ అదే అన్నాను. నెత్తిన చెయ్యి పెట్టినంత పని చేసి, "ఇంత చల్లని ఇల్లు ఊరంతా తిరిగినా దొరకదు బేటీ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. మేలో ఇల్లు చల్లగానే ఉంది. జూన్ చివర్లో మరీ చల్లబడింది.

మొదటి పెద్దవాన రోజు బ్యాంకుకి సెలవు. నా గదిలో బక్కెట్టు ఒక చోట, గిన్నె ఒక చోట పెట్టి దిక్కులు చూస్తుంటే, వెనక వాటాలోంచి పెద్దమ్మ వీధి అరుగు మీదికి వచ్చింది. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండే మనిషి. రెండు వైపులా ముక్కుపుడకలు. చీర కొంగు తలమీదికి లాక్కుంది, గొంతు సవరించుకుంది, ఎదురింటి గేటు వైపు తిరిగి నిలబడింది.

"కృపయా ధ్యాన్ దీజియే" అని మొదలుపెట్టింది.

నేను ఉలిక్కిపడ్డాను. దయచేసి వినండి అంటూ స్టేషన్లో మైకులో వినిపిస్తుందే, అచ్చం ఆ వరసే. అదే సాగదీత, అదే నిదానం. ముందువాటా, వెనకవాటా రెండింటిలోనూ కప్పు నుంచి నీళ్లు కారుతున్నాయని, మకాన్ మాలిక్ వెంటనే మరమ్మతు చేయించాలని మనవి అని, హిందీలో స్పష్టంగా ఒక్కొక్క మాటే చెప్పింది. ఆఖర్న ఒక్క క్షణం ఆగి, "అసువిధా హమే హై, ఖేద్ ఆప్‌కో హోనా చాహియే" అని ముగించింది. ఇబ్బంది మాది, విచారం మీది కావాలి అని. రైలు ఆలస్యమైనప్పుడల్లా ఇబ్బందికి విచారిస్తున్నాం అంటారు చూడండి, దాన్నే తిప్పి ఆయన మీదికి విసిరింది. వానలో గొడుగు పట్టుకుని పోతున్న కూరల మనిషి నవ్వుకుంటూ పోయాడు. ఎదురింటి కిటికీ మెల్లగా మూసుకుంది.

పెద్దమ్మ లోపలికి వస్తూ నన్ను చూసింది. "ఏటమ్మా, అలా గుడ్లప్పగించి చూస్తావు? నీ వాటా కూడా కలిపే చెప్పినాను."

"వెళ్లి నెమ్మదిగా ఆయనకి చెబితే సరిపోదా పెద్దమ్మా? వీధిలో ఇదేం గోల?"

"చాటుగా చెప్తే బతిమాలినట్టు అమ్మీ. నలుగురూ ఇంటుండగా చెప్తే కంప్లైంటు."

పెద్దమ్మ లోకంలో మనుషులు రెండే రకాలు, డ్యూటీ చేసేవాళ్లు, డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లు. పెళ్లయిన నాటి నుంచి భర్త రిటైరయ్యే దాకా రైల్వే క్వార్టర్లో బతికింది. అక్కడ కప్పు కారితే కంప్లైంటు ఇస్తారు, పనివాళ్లు వస్తారు, చేసి పోతారు. ఇవాళ కాకపోతే రేపు. ఇల్లు ఇచ్చినవాడిది బాగుచేసే డ్యూటీ, ఉన్నవాళ్లది చెప్పే డ్యూటీ. ప్రైవేటు ఇంటికి వచ్చాక కూడా ఆవిడ ఆ లెక్కే నడిపింది. ఇంటాయన అంటే కోప్పడాల్సిన మనిషిగానో, దయచూపాల్సిన మనిషిగానో ఆవిడకి తోచనే లేదు. ఆయన ఒక ఆఫీసు, అంతే. తెరిచి ఉండాల్సిన ఆఫీసు మూసేసుకుని కూర్చున్నాడు. అందుకే కప్పు కారిన ప్రతిసారీ అరుగెక్కి అదే ప్రకటన చదివేది.

మాలిక్ ఎప్పుడూ లేదనేవాడు కాదు. అదొక విద్య. అద్దె తీసుకోవడానికి వచ్చినప్పుడు కప్పు వైపు ఎంతో బాధగా చూసేవాడు. "హో జాయేగా అమ్మా, అయిపోతుంది. వాన తగ్గనీండి" అనేవాడు. వాన తగ్గాక నవరాత్రులు వెళ్లనీమనేవాడు. ఆ తర్వాత దీపావళి. మళ్లీ ఎండలు వచ్చాక, "ఇప్పుడు కారడం లేదుగా అమ్మా" అని మనసారా సంతోషించేవాడు. పెద్దమ్మకి ఇరవై ఏళ్ల నాటి అద్దె. ఆవిడ లేచిపోతే సున్నం కొట్టి, మేలో ఇంకెవరికైనా చూపించి, రెట్టింపుకి ఇచ్చుకోవచ్చు. అందుకే ఆయన కప్పుని ముట్టుకోడు. కప్పే ఆవిడని పంపిస్తుందని ఆశ. ఈ సంగతి నాకు అర్థమవడానికి ఒక వానాకాలం పట్టింది, ఆవిడకి ఎప్పుడో తెలుసు.

అయినా ఆ ఇంట్లో గడిపిన మధ్యాహ్నాలు తలుచుకుంటే నాకు కోపం రాదు. మత్తుగా ఉంటుంది. కోతులు గెంతి పెంకులు పగిలిన చోట్ల నుంచి ఎండ బిళ్లలుగా లోపలికి దిగేది. గచ్చు మీద ఆ బిళ్లలు కదులుతూ కదులుతూ గోడెక్కేవి. పెద్దమ్మ గడియారం చూసేది కాదు. "బిళ్ల తిరగలి కాడికొచ్చినాది, టీ పెట్టు" అనేది. మేమిద్దరం గచ్చు మీద చాప వేసుకుని పడుకునేవాళ్లం. దూరంగా రైల్వే యార్డులో పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయే చప్పుడు, ఇటు చివర మొదలై అటు చివరికి పోయి ఆగేది. బొగ్గు బళ్లు పోతుంటే ఇల్లు సన్నగా వణికేది. ఆ వణుకులో నాకు భలే నిద్ర పట్టేది. కళ్లు మూతలు పడుతుండగా పెద్దమ్మ మాటలు వినిపించేవి, వాళ్లాయన గురించో, ఆ యార్డులో పొగమంచు గురించో. ఏవి ఆవిడ చెప్పినవో, ఏవి నాకు కలలో వచ్చినవో ఇప్పుడు విడదీయలేను.

వాళ్లాయన నేను రాకముందే పోయాడు. యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చి కలిపే షంటింగ్ పని చేసేవాడట. ఇంజను వెనక్కి వస్తుంటే పక్కన నిలబడి, చేత్తో జెండా ఊపుతూ, రా రా అని, ఆగు అని. ఆ చేతి సంజ్ఞలన్నీ పెద్దమ్మకి అలవడ్డాయి. నా స్కూటీని సందులోకి వెనక్కి తిప్పాలంటే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడాల్సిందే. అరచెయ్యి నెమ్మదిగా ఊపేది, చివర్న నిట్టనిలువునా పైకెత్తేది. పాలవాడికీ అదే సంజ్ఞ, గుమ్మంలోకి దూరబోయే ఆవుకీ అదే. ఆశ్చర్యం ఏమిటంటే ఆవు ఆగేది.

వానాకాలంలో ఆవిడ మంచం ఇల్లంతా తిరిగేది. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గోడ నుంచి ఈ గోడకి. "ఓలమ్మీ, ఓ పట్టు పట్టు, షంటింగ్ చేద్దాం" అని పిలిచేది. నేను కాళ్ల వైపు పట్టుకునేదాన్ని. తడిసిన దుప్పటి పిండుతూ నాకు ఒళ్లు మండిపోయేది. "వెళ్లిపో పెద్దమ్మా ఈ కొంప వదిలేసి! ఖరగ్‌పూర్‌లో చెల్లెలు రమ్మని మొత్తుకుంటోందిగా" అని అరిచేదాన్ని. చెల్లెలు వారం వారం ఫోను చేసేది. ఆవిడా ఒంటరే. ఇద్దరూ కలిసి ఉండాలని ఇద్దరికీ ఉంది. పెద్దమ్మ ప్రతిసారీ ఒకటే జవాబు: "వస్తన్నానే. ఇక్కడ చిన్న పని మిగిలిపోనాది."

ఏం పనో ఆవిడ చెప్పలేదు. పంతమే పని అనుకున్నాను నేను.

రెండో ఏడు వానలకి ముందు, మా బ్యాంకుకి వచ్చే వకీలుగారిని అడిగాను. ఆయన టీ తాగుతూ తేలిగ్గా చెప్పేశాడు. ఇల్లు అద్దెకిచ్చినవాడు దాన్ని మనిషి ఉండేలా ఉంచాలి. కప్పూ గోడా పాడైతే బాగుచేయించడం అతని పూచీ. చెప్పినా చెయ్యకపోతే, తగిన గడువిచ్చి, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. తన నిర్లక్ష్యం వల్ల పాడైన ఇంటిని చూపించి బయటికి పొమ్మనే హక్కు అతనికి లేదు. నీళ్లూ కరెంటూ ఆపే హక్కు అసలే లేదు. నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్పాను. ఎంతో పొంగిపోతుందనుకున్నాను.

"అయితే మనమే చేయించీసి అద్దెలో కోసీమంటాడా?" అంది.

"అవును పెద్దమ్మా! రేపే పెంకులు నేసేవాళ్లని పిలుద్దాం."

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నాను క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ గోడకి ఒక్క మేకు కొట్టనేదు. క్యాలెండరు కూడా కిటికీ ఊచకి కట్టీదాన్ని. ఆడి ఇల్లు ఆడే ముట్టుకోవాల. మనం ఒక్క పెంకు కదిపినామనుకో, రేపు గోడ పడిపోతే నువ్వు కదిపిన పెంకు వల్లే అంటాడు. ఆడి డ్యూటీ ఆడి చేతే చేయించాల."

"చట్టం ఒప్పుకుంటుంది అంటుంటే!"

"చట్టం ఒప్పుకుంటాది. నాను ఒప్పుకోను."

ఇలాంటి మనిషితో ఏం చెయ్యాలి? నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడే చేపల పులుసు తెచ్చి నా గుమ్మంలో పెట్టిపోయింది. చేప మొహం చూసి రాజీపడ్డాను.

ఆషాఢమాసంలో కప్పు కూలింది. ఎడతెరిపి లేని ముసురు. నేను బ్యాంకు నుంచి భోజనానికి వచ్చాను, పెద్దమ్మ నా గదిలో కూర్చుని కంచంలో పప్పు వడ్డిస్తోంది. వెనక గదిలో ముందు చిన్నగా, ఎవరో ఒళ్లు విరుచుకున్నట్టు ఒక చప్పుడైంది. తర్వాత పెంకులన్నీ ఒక్కసారి దిగాయి. మట్టి పొగ తలుపులోంచి మా మీదికి వచ్చింది. పొగ తగ్గాక వెళ్లి చూస్తే, దూలం విరిగి మంచానికి అడ్డంగా పడి ఉంది. పైన ఆకాశం. గదిలో వాన హాయిగా కురుస్తోంది. తడిసిన తలగడ మీద పెంకు ముక్కలు. ఆవిడని పట్టుకుని ఏడ్చేశాను. పొద్దున్నంతా ఆ మంచం మీదే పడుకుని ఉంది మరి.

"ఊరుకో అమ్మీ, ఊరుకో" అంటూ కొంగుతో నా మొహం మీది మట్టి తుడిచింది.

మాలిక్ గొడుగేసుకుని వచ్చాడు. ఆకాశం కనిపిస్తున్న గదిని చూశాడు. ఆయన మొహంలో బాధ ఉంది, ఆ బాధ అడుగున ఎక్కడో తెరిపి కూడా ఉంది. "అమ్మా, ఇంక ఇక్కడ ఉండకూడదు. మీకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. ఈ వారంలో ఖాళీ చెయ్యండి. మీ మంచికే చెబుతున్నా" అన్నాడు, గొంతులో తేనె ఓడుతుండగా. నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా వైపు అరచెయ్యి ఎత్తింది. ఆగు అని.

"కప్పు పడినాది. నాను పడనేదు" అని హిందీలో ఆయనతో అంది. "కప్పు ఎత్తు. నా సంగతి తర్వాత."

ఆ సాయంత్రమే వకీలుగారి సాయంతో అద్దె ఇళ్ల వ్యవహారం చూసే ఆఫీసులో ఫిర్యాదు పెట్టాం. దానికి మాత్రం పెద్దమ్మ ఒప్పుకుంది. ఒక ఆఫీసు పని చెయ్యకపోతే పై ఆఫీసుకి పోవడం ఆవిడకి తెలిసిన దారే. నా వాటాలోకి మకాం మార్చింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. తీర్పు అటూ ఇటూ అయితే ఈ వయసులో ఆవిడని సామాన్లతో సహా వీధిలో నిలబెడతారు. వద్దనుకుని తానుగా ఖరగ్‌పూర్ పోవడం వేరు, గెంటించుకుని పోవడం వేరు. ఆవిడ మాత్రం గుర్రు పెట్టి నిద్రపోయేది.

చూడటానికి వచ్చిన అధికారి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ప్యాంటు మడత పెట్టుకుని గదులన్నీ తిరిగాడు. మాలిక్ వెనకే తిరుగుతూ, అద్దెకున్నవాళ్లే ఎడాపెడా మేకులు కొట్టి, ఏవేవో వేలాడదీసి ఇంటిని పాడు చేశారని చెప్పాడు. అధికారి గోడలు చూశాడు. ఒక్క మేకు లేదు. క్యాలెండరు కిటికీ ఊచకి దారంతో కట్టి ఉంది. దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూసి, అరుగు మీదికి వచ్చాడు. అక్కడ మాలిక్ అసలు మాట బయటపెట్టాడు.

"సార్, ఆవిడ నాకు తల్లి లాంటిది. కప్పు పాడైందని నాకు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెప్పి ఉంటే నేను చేయించకపోదునా? నాకు తెలియనే తెలియదు."

ఇంత పచ్చి అబద్ధం నేనెక్కడా వినలేదు. అధికారి పెద్దమ్మని అడిగాడు, చెప్పారా అని. చెప్పానంది. ఎవరి ఎదుట అన్నాడు. ఆవిడ వీధి వైపు చెయ్యి చాపింది.

వీధిలో మామూలుగానే జనం ఉన్నారు. కూరల మనిషి బండి ఆపి, మెడ చాచి చూస్తున్నాడు. అధికారి అతన్నే పిలిచాడు. "ఈ అమ్మ ఇంటాయనకి కప్పు సంగతి చెప్పడం నువ్వు విన్నావా?"

కూరల మనిషి బిడియంగా తల గోక్కున్నాడు. "సాబ్, వినడం ఏమిటి, నాకు నోటికి వచ్చు" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, భుజం మీది తువ్వాలు తీసి తలమీద కప్పుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కృపయా ధ్యాన్ దీజియే..."

అదే సాగదీత. అదే నిదానం. పక్కింటి మెట్ల మీద బట్టలారేస్తున్న ఆవిడ రెండో మాట నుంచి కలిసింది. ఇస్త్రీ బల్ల దగ్గరి ముసలాయన బొగ్గుల పెట్టె కింద పెట్టి కలిశాడు. ముందు వాటా, వెనక వాటా, కప్పు, నీళ్లు, మాలిక్‌కి మనవి, ఒక్క మాట జారకుండా వీధంతా వల్లించింది. పెద్దమ్మ అరుగు మీద నిలబడి, పాఠం అప్పజెబుతున్న పిల్లల్ని చూసే పంతులమ్మలా వింటోంది. ఆఖరి వాక్యం దగ్గర అలవాటు ప్రకారం అందరూ ఒక్క క్షణం ఆగారు. ఆ ఖాళీలో ఎదురింటి మేడ మీద నుంచి ఒక ఆడగొంతు, నవ్వు ఆపుకోలేక, గట్టిగా వినిపించింది.

"అసువిధా హమే హై, ఖేద్ ఆప్‌కో హోనా చాహియే!"

తల ఎత్తి చూశాం. మాలిక్ భార్య. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోతోంది. అధికారి మాలిక్ వైపు తిరిగి, "అచ్ఛా, మీకు తెలియదు" అన్నాడు. అంతే అన్నాడు.

ఉత్తర్వు మాకు అనుకూలంగా వచ్చింది. గడువులోగా ఇంటాయన దూలం మార్పించి, కప్పంతా తిరగనేయించాలి. లేకపోతే అద్దెకున్నవాళ్లు చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు. ఖాళీ చెయ్యమనే మాట ఎత్తకూడదు. గడువు దగ్గరపడుతున్నా మాలిక్ కదల్లేదు. నేను గోళ్లు కొరుక్కుంటుంటే పెద్దమ్మ మాత్రం రోజూ అరుగెక్కి, మరమ్మత్ అనుకున్న సమయం కంటే ఆలస్యంగా నడుస్తోందని ప్రకటించేది. వీధిలో జనం ఇప్పుడు ఆగి మరీ వినడం మొదలుపెట్టారు. పాపం, ఆయన ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. ఆఖరికి ఒక పొద్దున్న నిచ్చెనలతో పనివాళ్లు దిగారు. కొత్త దూలం వచ్చింది. వాసాలు వచ్చాయి. పాత పెంకులన్నీ దింపి, పగిలినవి ఏరి, ఒకదాని మీద ఒకటి ఒదిగేలా మళ్లీ నేశారు. దూలం ఎక్కిస్తున్నప్పుడు పెద్దమ్మ కింద నిలబడి చేత్తో సంజ్ఞలిచ్చింది. రా, రా, ఆగు. పైన ఉన్నవాళ్లకి ఆ భాష తెలియదు, అయినా ఆ చేతినే చూసి దించారు.

ఆ తర్వాత కురిసిన వాన నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పైన పెంకుల మీద ఒకటే మోత, కింద ఒక్క చుక్క లేదు. గిన్నెలు వంటగదిలో బోర్లించి ఉన్నాయి. ఎండ బిళ్లలు పోయాయి గనక పెద్దమ్మకి టీ వేళ తెలియక నన్ను మాటిమాటికీ అడిగేది. మంచం ఒకేచోట ఉంది. దాని మీద పడుకుని, రెండు చేతులూ తల కింద పెట్టుకుని, కప్పు వైపు చూస్తూ ఉండేది. ఏం చూస్తున్నావు పెద్దమ్మా అంటే, "ఏటీ నేదు" అనేది. నేను పక్కన చాప మీద పడుకునేదాన్ని. ఆ వానలో యార్డు చప్పుడు ఏ లోకం నుంచో వచ్చినట్టుండేది. మేం గెలిచాం, ఇంక ఆవిడని ఎవరూ కదపలేరు అనుకుంటూ నేను నిద్రలోకి జారిపోయేదాన్ని. ఇలాగే ఉండిపోతుంది కాబోలు అని నా నమ్మకం.

భాద్రపదంలో పెద్ద గాలివాన పట్టుకున్న రోజు, మాలిక్‌ని పిలుచుకు రమ్మంది. ఆయన భయపడుతూనే వచ్చాడు. ఆయన్ని చెయ్యి పట్టుకుని గది గదికీ తిప్పింది. ప్రతి మూలలో నిలబెట్టింది. దూలం కింద నిలబెట్టింది. బయట వాన విరుచుకుపడుతోంది. "చూసుకో బాబూ. ఎక్కడైనా చుక్క పడతందేమో చూసుకో" అంది. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. లేదన్నాడు. ఆవిడ మొలలో దోపుకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎల్లుండి బండికి ఖరగ్‌పూర్ వెళ్లిపోతున్నానని చెప్పింది.

మాలిక్ తాళంచెవినీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "పోవడానికేనా అమ్మా నన్ను ఇంత అల్లరి పెట్టారు?" అన్నాడు. ఆయన గొంతులో తేనె లేకుండా నేను విన్నది ఆ ఒక్కసారే. నాకైతే ఒళ్లు భగ్గుమంది. నాకు ముక్క చెప్పకుండా, నాకు! ఆవిడతో మాట్లాడకుండా సామాన్లు సర్దాను. మాట్లాడకుండానే ఆటో ఎక్కించాను.

స్టేషన్లో బండి రావడానికి టైముంది. బెంచీ మీద కూర్చున్నాం. సన్నగా తుంపర పడుతోంది, పట్టాలు తడిసి మెరుస్తున్నాయి. ఎదుటి లైన్లో బొగ్గు బండి ఎంతసేపటికీ తరగకుండా పోతోంది. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ఎప్పుడో వెళ్లిపోవాల్సింది కదా పెద్దమ్మా. చెల్లెలు పిలుస్తూనే ఉంది. వెళ్లిపోయేదానివి ఆ తడిలో అన్నేళ్లు ఎందుకున్నావు? దూలం నీ మీద పడుంటే?"

ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "నాను ఎల్లిపోతే ఆడు సున్నం కొట్టీసి, ఎండల్లో ఇంకోలికి చూపించీసును" అంది. "ఎవుర్తో నీలాటి పిల్ల దిగును. పసిగుడ్డుతో దిగునేమో కూడాను. నాకైతే ఏ మూల పొడిగా ఉంటాదో తెలుసు అమ్మీ. కొత్తగా వచ్చినోలికి తెలీదు గదా."